గోల్ఫ్ బంతి: ధర చూసి కొనాలా, ఆట చూసి కొనాలా?

క్రికెట్‌లో బంతిని అంపైర్లే అందిస్తారు. టెన్నిస్, ఫుట్‌బాల్ పోటీల్లో నిర్వాహకులు సమకూరుస్తారు. గోల్ఫ్‌లో మాత్రం ప్రతి ఆటగాడూ తన బంతిని తానే కొని తెచ్చుకోవాలి. పోగొట్టుకుంటే సంచిలోంచి తానే మరొకటి తీయాలి. కోల్‌కతా, బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లో ఆట నేర్చుకుని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న ఔత్సాహికులకు నెలనెలా తగిలే ఖర్చుల్లో ఇదొకటి. క్లబ్బులు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నిలుస్తాయి. బంతి చెరువులో పడితే అంతటితో సరి.

అమెరికా విపణిలో పేరున్న ఉన్నతశ్రేణి బంతులు డజను 50 డాలర్లకు పైనే పలుకుతాయి. సాధారణ శ్రేణి బంతులు 20 నుంచి 25 డాలర్లకే దొరుకుతాయి. భారతదేశంలో అమ్ముడయ్యే బంతుల్లో ఎక్కువ భాగం దిగుమతి సరుకే కనుక రవాణా, పన్నులు కలిసి ఆ ధర ఇంకా పెరుగుతుంది. మరి తక్కువ ధర బంతితో ఆడితే నేర్చుకునే ఆట చెడుతుందా? ఖరీదైన బంతి కొంటే స్కోరు తగ్గుతుందా? సమాధానం బంతి లోపలి నిర్మాణంలో కొంత ఉంది, ఆటగాడి హ్యాండికాప్‌లో కొంత ఉంది. హ్యాండికాప్ అంటే ఆటగాడి సామర్థ్యాన్ని తెలిపే అంకె. అది తగ్గేకొద్దీ ఆట మెరుగుపడినట్టు. 2020లో ప్రపంచవ్యాప్తంగా అమలులోకి వచ్చిన విధానంలో దీని గరిష్ఠ పరిమితి 54.

అన్ని బంతులకూ ఒకే కంచె

గోల్ఫ్ నిబంధనలను స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ సంస్థలు కలిసి రూపొందిస్తాయి. వాటి ప్రకారం బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములు మించరాదు. ప్రయాణించే దూరానికీ హద్దు ఉంది. గంటకు 120 మైళ్ల వేగంతో యంత్రం కొట్టినప్పుడు బంతి 317 గజాలు దాటకూడదన్నది చాలాకాలంగా ఉన్న ప్రమాణం. కొలతలో తేడాకు మరో 3 గజాల సడలింపు ఉంది. ఈ పరీక్షను మరింత కఠినం చేస్తామని 2023 డిసెంబరులో ఆ సంస్థలు ప్రకటించాయి. దానివల్ల సాధారణ ఆటగాడికి తగ్గే దూరం 5 గజాలకు మించదని వాటి అంచనా.

ఇందులో కొనుగోలుదారు గ్రహించవలసినది ఒకటే. డబ్బా మీద 'అత్యధిక దూరం' అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చువేసినా, ఆ బంతి కూడా ఇదే కంచె లోపల ఉండాలి. డ్రైవర్‌తో కొట్టినప్పుడు మంచి బంతుల మధ్య తేడా కొద్ది గజాలే. ఆటగాడు ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య తానుగా తెచ్చుకునే తేడా అంతకంటే చాలా ఎక్కువ.

తేడా అంతా పై తొడుగులో

చౌక బంతికీ ఖరీదైన బంతికీ అసలైన వ్యత్యాసం పై తొడుగు. సాధారణ శ్రేణి బంతుల్లో ఎక్కువ వాటికి రెండే భాగాలు: లోపల రబ్బరు గుండు, దానిపై అయనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు. సర్లిన్ పేరుతో ఇది ఎక్కువమందికి తెలుసు. తొందరగా గీతలు పడదు, కోసుకుపోదు. ఉన్నతశ్రేణి బంతుల్లో మూడు, నాలుగు పొరలుంటాయి. పైది పలుచని, మెత్తని యురెథేన్ తొడుగు.

వెడ్జ్ వంటి వాలు ఎక్కువగా ఉన్న క్లబ్బుతో కొట్టినప్పుడు క్లబ్బు ముఖంపై ఉన్న సన్నని గాడులు యురెథేన్‌ను పట్టుకుంటాయి. బంతి కాస్త తక్కువ ఎత్తులో లేచి, వెనక్కి బాగా తిరుగుతూ వెళ్లి, గ్రీన్ మీద పడగానే ఒకటి రెండు సార్లు ఎగిరి ఆగుతుంది. అయనోమర్ బంతి అదే దెబ్బకు ముఖం మీద కొంత జారుతుంది. ఎత్తుగా లేస్తుంది, తక్కువ స్పిన్‌తో పడి ముందుకు దొర్లుతుంది. నిపుణులు కొట్టే డ్రైవర్ దెబ్బకు బంతి నిమిషానికి సుమారు 2,500 సార్లు తిరిగితే, పూర్తి వెడ్జ్ దెబ్బకు 9,000 దాటుతుంది. రెండు రకాల తొడుగుల మధ్య దూరం బాగా బయటపడేది ఈ రెండో సందర్భంలో, ముఖ్యంగా 20 నుంచి 60 గజాల సగం దెబ్బల్లో.

అయితే స్పిన్ ఎక్కువైతే మేలేనని అనుకోవడానికి లేదు. కొట్టిన ప్రతి బంతీ కుడివైపు వంగిపోతున్న కొత్త ఆటగాడికి తక్కువ స్పిన్ ఒక వరం. అడ్డంగా వంగడానికి కారణం కూడా ఆ భ్రమణపు వాలే కాబట్టి, తక్కువ తిరిగే బంతి తక్కువ వంగుతుంది, చెట్ల మధ్యకు పోవలసినది ఫెయిర్‌వే అంచునే ఆగుతుంది. ఆ దశలో రెండు భాగాల బంతి చౌక కావడం ఒక్కటే కారణం కాదు, అదే సరైన బంతి కూడా.

ఆట మెరుగయ్యేకొద్దీ లెక్క మారుతుంది. బంతిని నేల కంటే ముందు శుభ్రంగా తాకడం అలవడిన తరువాతే యురెథేన్ తొడుగు తన పని చూపుతుంది. గడ్డిని ముందు తవ్వి తరువాత బంతిని తాకే దెబ్బకు ఏ తొడుగైనా ఒకటే. ఇక్కడ నేల స్వభావం కూడా చూడాలి. దక్కన్ పీఠభూమిలో వేసవి నాటికి గ్రీన్లు గట్టిపడతాయి, పడిన బంతి ఎగిరి అవతలకు దొర్లుతుంది. అప్పుడు స్పిన్ ఉపయోగం ఎక్కువ. వానాకాలంలో తడి నేల తానే బంతిని ఆపుతుంది. పైగా క్లబ్బుకూ బంతికీ మధ్య తడి గడ్డి చేరితే ఖరీదైన బంతికీ స్పిన్ తగ్గుతుంది.

చౌక బంతి చేసిన మేలు

గోల్ఫ్ చరిత్రలో బంతి ధర చిన్న విషయం కాదు. 19వ శతాబ్దం మధ్య వరకు స్కాట్లాండ్‌లో వాడినది తోలు సంచిలో ఉడికించిన ఈకలు కూరి కుట్టిన బంతి. నేర్పరి కూడా రోజుకు కొన్ని మాత్రమే చేయగలిగేవాడు, తడిస్తే పాడయ్యేది. అందుకే అది సంపన్నుల చేతిలోనే ఎక్కువగా ఉండేది. 1848 ప్రాంతంలో మలయా ప్రాంతపు చెట్ల పాలతో తయారైన గట్టా పెర్చా బంతి వచ్చాక ధర ఒక్కసారిగా దిగింది, సామాన్యులూ ఆటలోకి వచ్చారు. కొత్తగా నున్నగా ఉన్నప్పటి కంటే దెబ్బలు తిని గీతలు పడ్డాకే ఆ బంతి నిలకడగా ఎగురుతోందని ఆటగాళ్లు గమనించారు. నేటి బంతి మీది గుంటలకు మూలం అదే. బ్రిటన్‌కు వెలుపల అతి పురాతనమైన గోల్ఫ్ క్లబ్ 1829లో కలకత్తాలో వెలిసింది కనుక, ఈ మార్పులన్నీ భారత నేల మీద కూడా జరిగినవే.

ధరకూ నాణ్యతకూ ఉన్న బంధం ఎంత వదులో చూపిన ఘటన ఇటీవలిది. 2016లో అమెరికా చిల్లర వర్తక సంస్థ కాస్ట్‌కో తన సొంత పేరు కిర్క్‌లాండ్‌తో నాలుగు పొరల యురెథేన్ బంతులను రెండు డజన్లు సుమారు 30 డాలర్లకు అమ్మింది. నిల్వలు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. టైటిలిస్ట్ బంతుల తయారీ సంస్థ అకుష్‌నెట్‌తో ఏర్పడిన వివాదం కోర్టుకెక్కి 2018లో రాజీతో ముగిసింది. ఆ తరువాత యురెథేన్ అంటే అత్యధిక ధరే అన్న భావన సడలింది. నేడు చాలా సంస్థలకు పై శ్రేణికీ కింది శ్రేణికీ నడుమ ఒక మధ్య శ్రేణి యురెథేన్ బంతి ఉంది. మెరుగుపడుతున్న ఔత్సాహికుడు ముందుగా చూడవలసిన అర ఇదే.

మెత్తని బంతి అపోహ

దుకాణాల్లో తరచుగా వినిపించే సలహా ఒకటుంది: స్వింగు నెమ్మదిగా ఉన్నవారు మెత్తని బంతి కొనాలని, లేకుంటే బంతిని 'నొక్కలేరని'. బంతి గట్టిదనాన్ని కంప్రెషన్ అనే అంకెతో చెబుతారు. యంత్రాలతో చేసే పరీక్షల్లో మాత్రం మరీ మెత్తని బంతులు క్లబ్బును వీడే వేగం సాధారణంగా కాస్త తక్కువగానే కనిపిస్తుంది. నెమ్మది స్వింగులో ఆ తేడా ఇంకా చిన్నది. మెత్తదనం చేతికి, చెవికి హాయినివ్వవచ్చు. పట్టింగ్‌లో ఆ శబ్దం కొందరికి నచ్చుతుంది. అది ఇష్టానికి సంబంధించినది, దూరానికి కాదు.

డజను ధర కాదు, రౌండు ఖర్చు

కొనుగోలులో ఎక్కువమంది చూడనిది ఒక సులువైన గుణకారం. ఒక ఉన్నతశ్రేణి బంతి 400 రూపాయలు, సాధారణ బంతి 150 రూపాయలు అనుకుందాం. రౌండుకు 4 బంతులు పోగొట్టుకునే ఆటగాడికి మొదటి రకంతో 1,600 రూపాయలు, రెండో రకంతో 600 రూపాయలు పోతాయి. నెలకు నాలుగు రౌండ్లయితే ఇది 6,400, 2,400. అదే ఆటగాడు ఏడాది తరువాత రౌండుకు ఒక్క బంతే పోగొట్టుకుంటే ఖరీదైన బంతితో ఆడినా ఖర్చు 400 రూపాయలే. అంటే, మునుపు చౌక బంతితో పెట్టిన దానికంటే తక్కువ. కనుక బంతి మార్చే సమయాన్ని హ్యాండికాప్ కంటే, అయిదారు రౌండ్లలో పోయిన బంతుల సంఖ్య మరింత నిజాయితీగా చెబుతుంది.

డబ్బుకు అందని లెక్క కూడా ఉంది. నీటి మీదుగా కొట్టవలసిన చోటు రాగానే మంచి బంతిని జేబులో వేసుకుని పాతది బయటకు తీసే అలవాటు ప్రతి క్లబ్బులోనూ కనిపిస్తుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య బంతి మార్చడానికి నిబంధనలు సాధారణంగా అనుమతిస్తాయి, అందులో తప్పు లేదు. కానీ దెబ్బ కొట్టకముందే బంతి మునుగుతుందని ఒప్పుకున్న చేతులు ఆ దెబ్బను స్వేచ్ఛగా కొట్టవు. పోతుందన్న భయంతో స్వింగు బిగుసుకుపోయేంత ఖరీదైన బంతి ఆ ఆటగాడి స్తోమతకు మించినదే, అతని ఆదాయం ఎంతైనా సరే.

దీనికంటే పెద్ద నష్టం కలగూరగంప సంచి. ఒక రంధ్రానికి యురెథేన్, తరువాతి దానికి పొదలో దొరికిన ఏదో బంతి, ఆపైన బహుమతిగా వచ్చిన మరొకటి. గ్రీన్ అంచు నుంచి ఒకే తీరులో కొట్టిన చిప్ ఒకసారి రెండు అడుగుల దగ్గర, ఇంకోసారి పది అడుగులు దాటి ఆగితే ఆటగాడు తన చేతిని అనుమానిస్తాడు, బాగున్న స్వింగును మార్చుకుంటాడు. నేర్చుకునే దశలో ఉన్నవారికి బంతి ఇవ్వవలసినది అదనపు దూరం కాదు, ప్రతిసారీ ఒకే జవాబు. ఆ దృష్టితో చూస్తే ఏడాది పొడవునా ఒకే రకం మధ్యశ్రేణి బంతితో ఆడేవాడు, పది రకాల ఖరీదైన బంతులతో ఆడేవాడి కంటే ముందుంటాడు.

పాత బంతుల సంగతి

భారత గోల్ఫ్‌లో క్యాడీల స్థానం చిన్నది కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా పనిచేసినవారే. పొదల్లో, చెరువుల్లో దొరికిన బంతులను కడిగి అమ్మడం అనేక మైదానాల్లో ఉన్న చిన్న ఆదాయమార్గం. పొదుపు కోరే ఆటగాడికి ఇది మంచి అవకాశమే, కానీ కొంత పరిశీలన అవసరం. పొదలో దొరికిన, గీతలు లేని బంతి దాదాపు కొత్తదే. నీటిలో దొరికిన బంతి ఎంతకాలం మునిగి ఉందో బయటి నుంచి తెలియదు. నీరు మెల్లగా లోపలికి చేరితే దూరం తగ్గుతుంది. రంగు మారినది, మెరుపు పోయినది వదిలేయడం మేలు. మళ్లీ రంగు పూసి, పేరు కొత్తగా అచ్చువేసిన బంతులు వేరే సంగతి. ఆ పూత గుంటల లోతును మారుస్తుంది, ఎగిరే తీరును మారుస్తుంది. కొత్తదానిలా మెరిసే అలాంటి బంతి కంటే గీత పడిన అసలు బంతి నయం.

ఎంపిక చేసే తీరు

రెండు మూడు రకాలను వరుసకు తీసుకుని మైదానంలో పరీక్షించడమే సరైన మార్గం. ప్రాక్టీసు రేంజిలో ఇచ్చే బంతులు తక్కువ దూరం పోయేలా, ఎక్కువకాలం మన్నేలా చేసినవి కావచ్చు కనుక అక్కడి అనుభవం పనికిరాదు. పరీక్షను గ్రీన్ మీద మొదలుపెట్టి వెనక్కి రావాలి: ముందు పట్టింగ్, తరువాత గ్రీన్ అంచు నుంచి చిప్‌లు, 40 గజాల పిచ్, 100 గజాల దెబ్బ, చిట్టచివర డ్రైవర్. ఎక్కువమంది తిరగేసి చేస్తారు, ఒక మంచి డ్రైవ్ చూసి బంతిని మెచ్చేస్తారు. పార్ 72 మైదానంలో సగం, అంటే 36 దెబ్బలు పట్టింగ్‌కే లెక్కకట్టి ఉంటాయని గుర్తుంచుకుంటే ఈ వరుస ఎందుకో తెలుస్తుంది.

రంగు విషయంలో సంకోచం అక్కరలేదు. ఎండిన గోధుమవన్నె గడ్డిలో తెల్ల బంతి కంటే పసుపు, నారింజ బంతులు త్వరగా కంటబడతాయి. వెతకడానికి ఉన్న 5 నిమిషాల గడువును 2019లో 3 నిమిషాలకు కుదించారు కనుక ఇది పొదుపు సూత్రం కూడా. బంతి దొరకకపోతే దాని ధరతో పాటు ఒక పెనాల్టీ దెబ్బ, మళ్లీ మొదటి చోటి నుంచే ఆట.

నచ్చిన రకం తేలాక కొనే సమయం చూసుకోవాలి. పెద్ద సంస్థలు సాధారణంగా రెండేళ్లకోసారి కొత్త రూపం విడుదల చేస్తాయి, అప్పుడు పాత రూపం డబ్బాల ధర తగ్గుతుంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడాను ఔత్సాహికులు పసిగట్టడం కష్టం. మూడు నాలుగు డజన్లు ఒకేసారి తీసుకుంటే ఏడాదంతా ఒకే బంతితో గడుస్తుంది. పోటీల్లో పాల్గొనేవారు మాత్రం ఆ రకం పేరు ఆమోదిత బంతుల జాబితాలో ఉందో లేదో ముందుగా సరిచూసుకోవాలి. ఆ జాబితా ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ వెబ్‌సైట్లలో ఉచితంగా లభిస్తుంది.