గ్లేజ్ కారిపోయిందా? ముందు పాకం చూడండి!

చక్రం మీద కప్పు చేసి, రీల్ పెట్టి, లైకులు లెక్కపెట్టుకునే వరకూ పాటరీ సరదాగానే ఉంటుంది. అసలు పరీక్ష కిల్న్ తెరిచిన రోజు. లోపల నీలం గ్లేజ్‌తో కప్పు మెరిసిపోతుంటుంది. తీద్దామని పట్టుకుంటే కదలదు. గ్లేజ్ కిందికి జారి షెల్ఫ్‌ని పట్టేసింది! గట్టిగా లాగితే అడుగు అక్కడే ఉండిపోయి, పైభాగం చేతికొస్తుంది. కప్పు పోతే ఇంకోటి చేసుకోవచ్చు. షెల్ఫ్ పాడైతే మీతోపాటు క్లాసులో అందరి పనీ ఆగుతుంది. పైగా దాన్ని ఎలా పడితే అలా గీకితే దెబ్బ ఊపిరితిత్తులకే. ఆ సంగతికి వద్దాం, ముందు అసలు ఎందుకు కారుతుందో చూద్దాం.

గ్లేజ్‌ని చాలామంది రంగు అనుకుంటారు. నిజానికి అది గాజు. అందులో మెయిన్ సరుకు సిలికా. ఒక్కదాన్నే కరిగించాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. స్టూడియో కిల్న్‌లు అంత వేడెక్కవు. అందుకే తక్కువ వేడికే కరిగేలా ఫ్లక్స్‌లు కలుపుతారు. సోడియం, పొటాషియం, కాల్షియం, బోరాన్ లాంటివి ఆ పని చేస్తాయి. మూడోది అల్యూమినా. ఎక్కువగా చైనా క్లే నుంచి వస్తుంది. కరిగిన గాజు గోడ మీద నిలబడేలా చిక్కదనం ఇచ్చేది ఇదే. ఫ్లక్స్ ఎక్కువై అల్యూమినా తగ్గిందంటే, తేనెలా కదలాల్సింది నీళ్లలా పరిగెడుతుంది.

కారగానే అందరూ ఫార్ములానే తిట్టుకుంటారు. కానీ ఫార్ములా దాకా వెళ్లక్కర్లేకుండానే దొరికిపోయే కారణాలు ఎక్కువ. మొదటిది మందం. ఒకసారి కాల్చిన కుండ ఎండిన స్పాంజ్‌లా నీటిని పీల్చేస్తుంది. మూడు సెకన్లు ముంచితే సరిపోయేదాన్ని 'ఇంకాస్త' అని పది సెకన్లు ఉంచితే పొర దిబ్బరొట్టె అయిపోతుంది. ఆరాక సూదితో గీరి చూడండి. చాలా గ్లేజ్‌లకి ఏటీఎం కార్డు మందం చాలు. బకెట్లో చిక్కదనం కూడా చూసుకోవాలి. 100 మిల్లీలీటర్లు కొలిచి తూకం వేయండి. నీళ్లయితే 100 గ్రాములు తూగుతాయి. ముంచే గ్లేజ్‌లు చాలావరకు 140-150 గ్రాముల మధ్య ఉంటాయి. బాగా వచ్చిన రోజు ఎంత తూగిందో బకెట్ మీద రాసేయండి, ఈసారి నుంచి అదే మీ లెక్క.

రెండోది ఒక గ్లేజ్ మీద ఇంకొకటి వేయడం. విడివిడిగా రెండూ బుద్ధిగా ఉంటాయి, కలిస్తే మాత్రం ఏరులై పారతాయి. కుల్ఫీ బండివాళ్లు ఐసులో ఉప్పు ఎందుకు కలుపుతారు? ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే తక్కువ దగ్గరే కరుగుతుంది కాబట్టి. ఇదీ అలాంటిదే. రెండు గ్లేజ్‌లు కలిసినచోట ఆ మిశ్రమం ఏ ఒక్కదాని కంటేనైనా ముందే కరగొచ్చు. డబుల్ పొర వేయాలని ఉంటే కప్పు పై భాగంలో మూడో వంతు వరకే వేయండి. జారినా కింద చోటుంటుంది.

06 వేరు, 6 వేరు!

ఇక మూడోది, అసలు విలన్... వేడి. అరిసెల పాకం పట్టేటప్పుడు అమ్మమ్మ థర్మామీటర్ పెట్టదు కదా. నీళ్లలో చుక్క వేసి, ఉండ కడుతోందా లేదా అని చూస్తుంది. కిల్న్‌లో ఆ చుక్క లాంటిదే కోన్. నిర్ణీత వేడి తగిలాక మెత్తబడి వంగిపోయే చిన్న మట్టి ముక్క. జర్మనీలో హెర్మన్ సీగర్ 1886లో వీటిని తెచ్చాడు. డిజిటల్ డిస్‌ప్లే డిగ్రీలు చెబుతుంది. కోన్ డిగ్రీలతోపాటు ఎంతసేపు కాలిందో కూడా చెబుతుంది. ఒకే వేడి దగ్గర అరగంట ఎక్కువ ఉంచినా పాకం ముదిరినట్టే. పైగా వేడి కొలిచే థర్మోకపుల్ పాతబడితే ఉన్నదాని కంటే తక్కువ చూపించొచ్చు. కిల్న్ దాన్ని నమ్మి ఇంకా మండుతుంది. అందుకే ప్రతి షెల్ఫ్ మీదా ఒక కోన్ పెట్టి, తెరిచాక ఎంత వంగిందో చూడటం మంచి అలవాటు.

ఇందులోనే ఒక ట్రాప్ ఉంది. కోన్ 6 అంటే సుమారు 1220 డిగ్రీలు. కోన్ 06 అంటే సుమారు 1000 డిగ్రీలు. ముందున్న సున్నాతో 200 డిగ్రీలకు పైగా తేడా! 06 గ్లేజ్‌ని 6 దగ్గర కాల్చారో, ఇక కప్పు కాదు... చెరువే. డబ్బా మీద లేబుల్ రెండుసార్లు చదవండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కారుతోందంటే అప్పుడు ఫార్ములా. పొడి సరుకు బరువులో 2 శాతం చొప్పున చైనా క్లే పెంచుతూ చిన్న పలకల మీద టెస్ట్ చేయండి. పలకల్ని ఏటవాలుగా నిలబెట్టి కాలిస్తే ఏది ఎంత జారిందో కళ్లకి కనిపిస్తుంది. ఫెల్డ్‌స్పార్ కొత్త బస్తా విప్పినప్పుడూ ఈ టెస్ట్ తప్పదు. గూడూరు వైపు నుంచి వచ్చినా, రాజస్థాన్ నుంచి వచ్చినా, గనిని బట్టి అందులో పొటాష్, సోడా పాళ్లు మారుతుంటాయి.

ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే, ఖాళీ అయ్యాక తిరగేసి చూడండి. అడుగున గ్లేజ్ లేకుండా గరుకు అంచు కనిపిస్తుంది. షెల్ఫ్‌కి అతుక్కోకుండా వదిలిన చోటే అది. చైనాలో సాంగ్ రాజుల కాలం నాటి జియాన్ టీ గిన్నెల్లో అయితే నల్లటి గ్లేజ్ చిక్కగా జారి, అడుగుకి కాస్త పైనే బొట్టులా ఆగిపోతుంది. ఎంత వదలాలో వాళ్లకి తెలుసు. మీరు ఒక సెంటీమీటర్ వదిలితే చాలు. కొత్త గ్లేజ్ అయితే కప్పు కింద పచ్చిమట్టితో చేసి కాల్చిన బిళ్ల పెట్టండి. స్టూడియోల్లో దాన్ని కుకీ అంటారు. కారితే బిళ్ల పోతుంది, షెల్ఫ్ మిగులుతుంది. గ్లేజ్ కావాలనే కారేలా చేసేవాళ్లూ ఉన్నారండోయ్. జింక్ ఎక్కువ వేసి పువ్వుల్లాంటి స్ఫటికాలు పెంచే క్రిస్టలైన్ గ్లేజ్‌లకి, ప్రతి కుండ కిందా కారింది పట్టే పళ్లెం ఉంటుంది.

షెల్ఫ్ గీకుతున్నారా? మాస్క్ ఏది?

కారిన గ్లేజ్‌ని అలాగే వదిలేస్తే వచ్చే కాల్పులో మళ్లీ కరిగి షెల్ఫ్‌లోకి ఇంకా లోతుకు దిగుతుంది. కాబట్టి తీయాల్సిందే. షెల్ఫ్‌ని మడిచిన గోనెసంచి మీద పెట్టి, ఉలిని దాదాపు పడుకోబెట్టి, మీకు ఎదురు దిశలో చిన్న దెబ్బలు వేయండి. నిటారుగా కొడితే షెల్ఫే విరుగుతుంది. ఎగిరే ముక్కలు గాజుపెంకులే. కళ్లద్దాలు చాలవు, గాగుల్స్ ఉండాలి. తోలు గ్లవ్స్, కాళ్లకి బూట్లు కూడా.

గ్రైండర్ పెట్టి రుద్దేవాళ్లు మరీ జాగ్రత్త. దుమ్ము తెల్లగా లేస్తుంటే వీడియోలో బాగానే కనిపిస్తుంది. కానీ షెల్ఫ్ మీది పాత పూతల్లో, కాల్చిన మట్టిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రావు. రాతి క్వారీల్లో, క్వార్ట్జ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లని పట్టి పీడించే సిలికోసిస్ ఇలా వచ్చేదే. దానికి నయం చేసే మందు లేదు. నెలకోసారి గీకేవాళ్లకి అంత ముప్పు ఉండకపోవచ్చు, కానీ కర్చీఫ్ కట్టుకుని పనిచేయడం మాత్రం ఉత్త భ్రమ. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 కనీసం ఉండాలి. పని ఆరుబయటే, పక్కన ఎవరూ లేకుండా. తర్వాత చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. చిన్న మరకలైతే సిలికాన్ కార్బైడ్ రుద్దుడు రాయిని తడిపి చేత్తో రుద్దితే దుమ్మే లేవదు. అలాగని కరెంటు గ్రైండర్ దగ్గర నీళ్లు పోయకండి, షాక్ కొడుతుంది. తడిసిన షెల్ఫ్‌ని బాగా ఆరబెట్టాకే కాల్చాలి. లోపల తడి ఆవిరైతే పగలొచ్చు.

శుభ్రమైన షెల్ఫ్‌కి కిల్న్ వాష్ పూయండి. అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సమానంగా తూచి, నీళ్లతో పల్చటి మీగడలా కలిపితే సరి. పల్చగా రెండు మూడు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి. అంచులకి, అడుగు వైపు మాత్రం వద్దు. పెచ్చులూడి కింది అరలోని కప్పుల్లో పడతాయి.

కిల్న్‌లోకి ఎక్కించే ముందు, సంతలో కుండ కొనేటప్పుడు చూసినట్టే, షెల్ఫ్‌ని వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూడండి. ఖంగుమంటే ఎక్కించండి. బొద్దుగా మోగిందంటే లోపల పగులు ఉన్నట్టే, దాని మీద కుండలు పెట్టొద్దు.