కన్నీరు రాకపోతే దుఃఖం లేనట్టేనా?

తోబుట్టువు చనిపోయినప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు కొందరు ఏడవరు. అన్నయ్య ఎప్పుడొస్తాడని పదేపదే అడుగుతారు. అతని చెప్పులు పక్కకు జరిపితే కేకలు పెడతారు. చూసేవారు "పాపం, ఏమీ తెలియదు" అనుకుంటారు. కానీ ఆ ప్రవర్తనే వారి దుఃఖం కావచ్చు.

అన్నీ ఎప్పటిలాగే ఉండాలన్న పట్టుదల ఈ పిల్లల్లో బలంగా ఉంటుందని 1943లోనే లియో కానర్ గుర్తించారు. తోబుట్టువు పోతే పక్కన పడుకునే తోడు, బడికి వెళ్లే తీరు, ఇంటి సందడి ఒక్కసారిగా మారిపోతాయి. పైగా ఆటిజం ఉన్నవారిలో సుమారు సగం మందికి తమ భావాలను గుర్తించి, మాటల్లో చెప్పడం కష్టం. దీన్ని 'అలెక్సిథైమియా' అంటారు. అందువల్ల బాధ నిద్రలేమిగా, కడుపునొప్పిగా, కోపంగా, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడుతుంది.

ఈ పిల్లల్లో చాలామంది మాటలను ఉన్నదున్నట్టుగా అర్థం చేసుకుంటారు. "దేవుడి దగ్గరికి వెళ్లాడు" అంటే తిరిగొస్తాడని ఎదురుచూస్తారు. "నిద్రపోయాడు" అంటే తాము పడుకోవడానికే భయపడవచ్చు. "అన్నయ్య చనిపోయాడు. అతని శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు. ఇది నీ వల్ల జరగలేదు" అని సూటిగా చెప్పాలి. ఎన్నిసార్లు అడిగినా అవే మాటలు చెప్పాలి. అంత్యక్రియల్లో ఏం జరుగుతుందో, ఎవరెవరు వస్తారో బొమ్మలతో ముందే వివరించవచ్చు.

భోజనం, నిద్ర వేళలు మారకుండా చూడాలి. చనిపోయిన బిడ్డ వస్తువులను చెప్పకుండా తీసేయకూడదు. తల్లిదండ్రులూ శోకంలో ఉంటారు కనుక అమ్మమ్మో, మేనత్తో ఈ బాధ్యత పంచుకోవాలి. తిండి, నిద్ర బాగా తగ్గినా, తమను తాము గాయపరచుకుంటున్నా పిల్లల మానసిక వైద్యులను సంప్రదించాలి.