బొటనవేలు గుర్తుపట్టని ఫోను

కొత్త ఫోను ఎట్లుంది తాతా అని పొద్దున్నుంచి అడుగుతున్నావు కదా బిడ్డా, చెప్తా విను. కంపెనీ పేరుతో మనకు పని లేదు. లక్ష్మీనగర్‌లో ఏ దుకాణానికి పోయినా ఆ ధరలో ఇట్లాంటివే నాలుగు తీసి ముందు పెడతారు. పెట్టె మీద అంకెలు మాత్రం మస్తుగా ఉన్నాయి: 50 మెగాపిక్సెళ్ళు, 120 హెర్ట్జ్, 5000 ఎంఏహెచ్. అవన్నీ చల్లటి గదుల్లో సాగే లెక్కలు. మనది గోదావరిఖని. ఇక్కడి ఎండ వేరు, దుమ్ము వేరు, చేతులు కూడా వేరే.

ముందు చేతుల సంగతి. తాళం తీయడానికి వేలిముద్ర పెట్టమంది ఫోను. మీ నాన్న పెడితే రెప్పపాటులో తెరుచుకుంది. నేను పెడితే ఉలుకూ పలుకూ లేదు. తెర తుడిచాను, బొటనవేలు పంచెకు రుద్దుకున్నాను, కుడిది మాని ఎడమది పెట్టి చూశాను. ఊహూఁ. మీ నాన్న నవ్వాడు గాని, ఇందులో ఫోను తప్పు లేదు, నా తప్పూ లేదు. ఆ తెర కింద చిన్న కెమెరా లాంటిది ఒకటి ఉంటుంది. తెర వెలుగు వేలి మీద పడి, గీతల గట్ల దగ్గర ఒక తీరుగా, మధ్య పల్లాల దగ్గర ఇంకో తీరుగా తిరిగి వస్తుంది. ఆ తేడానే అది బొమ్మగా దాచుకుంటుంది. ఏళ్ళకేళ్ళు బొగ్గు బాయిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపి, టబ్బులు తోసిన చేతికి గట్లెక్కడివి? అన్నీ అరిగి చదునైపోయాయి. తేడా లేనిచోట బొమ్మ ఎట్లా పడుతుంది?

తాకితే పలికే తెర కథ కూడా చర్మం కథే. అద్దం కింద కంటికి కనిపించని సన్నటి వాహకపు గీతల వల ఉంటుంది, అందులో కొద్దిపాటి విద్యుత్తు. మన ఒంట్లో నీళ్ళూ ఉప్పూ ఉన్నాయి గనక వేలు దగ్గరకు రాగానే ఆ విద్యుత్ క్షేత్రం కొంచెం చెదురుతుంది. ఎక్కడ చెదిరిందో చూసుకుని, వేలు అక్కడుందని ఫోను తెలుసుకుంటుంది. ఈ ఉపాయం కొత్తదేం కాదు. ఇంగ్లండులో రాడార్ పరిశోధన చేసే జాన్సన్ అనే ఇంజినీరు 1965లోనే దీని గురించి రాశాడు. వేలికొస కాయకాచి ఎండిపోతే ఆ చెదరడం తగ్గిపోతుంది, రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. చెమట చుక్క పడితే దానికి ఉల్టా, ఆ చుక్కే వేలనుకుని తనంతట తనే ఎవరికో ఫోను కలుపుతుంది. మే నెలలో రెండోదే ఎక్కువ.

అందుకే నాకు ఈ ఫోనులో అన్నిటికంటే నచ్చింది ముందు వైపు కెమెరా. సెల్ఫీల కోసం కాదులే. పింఛను తీసుకునేవాళ్ళం బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి కదా, అప్పుడు వేలిముద్ర మిషన్ మా తరం వాళ్ళను ఎంత ఏడిపించిందో! 2021 నవంబరులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇచ్చే పద్ధతి వచ్చింది. గీతలు అరుగుతాయి గాని ముక్కు, కళ్ళ మధ్య దూరం అంత తొందరగా అరగవు. వెనక ఉన్న 50 మెగాపిక్సెళ్ళ గొప్ప సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తా: చీకట్లో వెలుగు చాలక నాలుగు గడులను కలిపి ఒకటిగా లెక్కేసుకుంటుంది, చేతికొచ్చేది పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ బొమ్మే.

డిజైన్ బాగుంది. వీపు ప్లాస్టిక్‌ది అని మీ నాన్న మూతి విరిచాడు, నాకైతే అదే మేలనిపించింది. రేడియో తరంగాలు ప్లాస్టిక్‌లోంచి, అద్దంలోంచి పోతాయి, లోహంలోంచి పోవు. ఇనుప వీపు పెడితే సిగ్నల్ ఎటు నుంచి రావాలి? అంచున ఉన్న లోహపు పట్టీని దగ్గర పెట్టుకుని చూడు, వెంట్రుకంత సన్నటి గీతలు అడ్డంగా కనిపిస్తాయి. సోకు కోసం కాదవి, పట్టీని ముక్కలు చేసి యాంటెన్నాగా వాడుకోవడానికి. ఇక పెట్టె మీద ఐపీ 64 అని ఉంది. 6 అంటే దుమ్ము లోపలికి పోదు, 4 అంటే నీళ్ళు చిలికితే ఓర్చుకుంటుంది, ముంచితే ఓర్చుకోదు. పైనుంచి తవ్వే బొగ్గు గని ఉంది కదా, ఆ ఓసీపీ దుమ్ముకు 6 చాలు. కాకపోతే స్పీకర్ జాలీకి బొగ్గుపొడి పట్టి గొంతు బొంగురుపోతుంది. మెత్తటి బ్రష్‌తో దులపాలి.

వేగం సంగతికి వస్తే, పొద్దున పూట పరుగే పరుగు. మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని వీడియో పెడితే నత్తనడక. మే నెల ఎండలో ఓసీపీ మీద పనిచేసేవాడు ఎట్లా చెయ్యి నెమ్మది చేస్తాడో, లోపలి చిప్ కూడా అట్లాగే ఒళ్ళు కాపాడుకోవడానికి కావాలనే పని తగ్గిస్తుంది, తెర వెలుగూ తగ్గిస్తుంది. చుట్టూ 35 డిగ్రీలు దాటని చోట వాడమని పేరున్న కంపెనీలే రాస్తాయి. మన రామగుండంలో వేసవి పగళ్ళు 45 దాటిన రోజులు నువ్వు చూడనివా? ఆ వేడిలో ఛార్జింగ్ పెడితే లిథియం బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది. ఆ బ్యాటరీ 1991లో సోనీ కంపెనీ చేతిమీదుగా బజారుకొచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్‌కు 97 ఏళ్ళు. ముసలివాళ్ళ మీద ఆశ వదులుకోవద్దని నీకు ఊరికే చెప్తున్నానా!

ఒక్కసారి ఛార్జింగ్‌కు ఎంత బొగ్గు కాలుతుందో లెక్కేద్దామా? 5000 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్ అవర్లు. ఛార్జర్‌లో పోయే వేడి కలుపుకుంటే పాతిక అనుకో. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు, అంటే ఒక్క యూనిట్‌తో నలభై సార్లు నింపొచ్చు. మన ఎన్టీపీసీ కరెంటు కేంద్రం లాంటి చోట యూనిట్‌కు ముప్పావు కిలో లోపు బొగ్గు పడుతుంది. ఒక్క ఛార్జింగ్‌కు పద్దెనిమిది గ్రాములు, నీ గుప్పిట్లో ఇమిడే చిన్న పెళ్ళ.

ఆ బొగ్గు తవ్వే బాయిలోకి మాత్రం ఈ ఫోనుకు ప్రవేశం లేదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క రవ్వ చాలు. బీడీ, అగ్గిపెట్టెతో పాటు ఫోను కూడా పైనే వదలాలి. బాయిలో తలకు పెట్టుకునే క్యాప్ ల్యాంప్‌లోనూ ఇప్పుడు లిథియం బ్యాటరీలొచ్చాయి గాని, రవ్వ బయటికి రాకుండా కట్టి, పరీక్షించి పంపుతారు. ఇంట్లో వాడే ఫోనుకు ఆ కట్టుదిట్టం ఉండదు. మీ బాబాయి కొత్తగా డ్యూటీలో చేరాడు కదా, ఈ ముక్క వాడికి నా మాటగా చెప్పు.

నువ్వు కూడా ఇదే కొనుక్కోవచ్చా అంటే, కొనుక్కో, డబ్బులకు న్యాయం చేస్తుంది. కాకపోతే మధ్యాహ్నం బండి ట్యాంక్ కవర్లో పెట్టి పోకు, దిండు కింద పెట్టి ఛార్జింగ్ చెయ్యకు. బ్యాటరీ ఉబ్బి వీపు లేచినట్టు కనిపిస్తే నొక్కకు, గుచ్చకు, వెంటనే ఆపేసి దుకాణంలో ఇచ్చెయ్.