గల్ఫ్ ప్రయాణికుడికి ఏ విమానం మేలు?

కందకుర్తి (రెంజల్ మండలం): గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే కందకుర్తి నుంచి శంషాబాద్ విమానాశ్రయం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయినా రెంజల్, నవీపేట, బోధన్ ప్రాంతంలో దుబాయి, మస్కట్, రియాద్ పేర్లు వినిపించని వాడ అరుదు. 2015 డిసెంబరులో షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం మూతపడే నాటికే ఇక్కడి యువకులకు గల్ఫ్ బాట దశాబ్దాల పాతది. ఇన్నేళ్లూ టికెట్ కొనేటప్పుడు ధర ఎంత, సామాను ఎన్ని కిలోలు అన్నవే ప్రశ్నలు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా బోయింగ్ 787 కూలి, అందులోని 242 మందిలో ఒక్కరు మినహా అందరూ మరణించిన తరువాత మరో ప్రశ్న వచ్చి చేరింది. అది ఏ విమానం? ఎంత భద్రం?

హైదరాబాద్‌లో అంతర్జాతీయ సర్వీసులు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో నిజామాబాద్ వాసులు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ముంబాయి చేరి, అక్కడి నుంచి విమానమెక్కేవారు. 2005లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ ప్రారంభం కావడం, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకోవడంతో పరిస్థితి మారింది. ప్రస్తుతం గల్ఫ్ మార్గంలో తిరిగేవి ప్రధానంగా రెండు తరహాల విమానాలు. ఒకే నడవా ఉండే బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 చిన్న తరహావి. చౌక ధరల సంస్థలు ఎక్కువగా వీటినే నడుపుతాయి. రెండు నడవాలుండే బోయింగ్ 777, ఎయిర్‌బస్ 330 వంటివి పెద్ద తరహావి.

పెద్ద విమానమైతే సీటు విశాలం కాదు

విమానం పెద్దదైతే కూర్చునే చోటు కూడా పెద్దదిగా ఉంటుందన్న నమ్మకం బలంగా ఉంది. కొలతలు చూస్తే అది నిలవదు. బోయింగ్ 737 లోపలి వెడల్పు సుమారు 3.54 మీటర్లు, ఎయిర్‌బస్ 320ది 3.70 మీటర్లు. రెండింటిలోనూ నడవాకు అటు మూడు, ఇటు మూడు సీట్లే. ఎయిర్‌బస్‌లో అదనంగా ఉన్న ఆ జానెడు చోటు ఆరు సీట్లకు పంచగా సీటు వెడల్పు 18 అంగుళాల వరకు వస్తుంది. 737లో సుమారు 17 అంగుళాలే.

ఇక 777 వెడల్పు 5.87 మీటర్లు. పూర్వం ఇందులో వరుసకు తొమ్మిది సీట్లు వేసేవారు. ఇప్పుడు అనేక సంస్థలు 3-4-3 పద్ధతిలో పది వేస్తున్నాయి. దాంతో సీటు మళ్లీ 17 అంగుళాలకే కుదించుకుపోయింది. అంతేకాదు, 737, 320లలో ఆరుగురిలో ఇద్దరు ఇరువైపులా మనుషుల మధ్య నలిగితే, ఇక్కడ పదిమందిలో నలుగురు నలుగుతారు. 2-4-2 పద్ధతి పాటించే ఎయిర్‌బస్ 330లో ఈ బాధ ఎనిమిదిమందిలో ఇద్దరికే. దంపతులు పక్కపక్కనే కూర్చోవడానికీ ఇది అనువైనది.

అయితే కాళ్లు చాపుకునే విషయంలో పెద్ద విమానానిదే పైచేయి. చౌక సంస్థల్లో వరుసకు, వరుసకు మధ్య 28 నుంచి 30 అంగుళాలు ఉంటే, పెద్ద సంస్థలు 31, 32 అంగుళాలు ఇస్తాయి. దుబాయికి నాలుగు గంటల లోపు ప్రయాణంలో ఇది ఓర్చుకోగలిగిందే. జెద్దా వెళ్లే వృద్ధులైన ఉమ్రా యాత్రికులకు మాత్రం మోకాళ్లు చెబుతాయి ఆ రెండంగుళాల విలువ.

బరువైన విమానం కనుక 777 గాలి కుదుపులను కొంత మెత్తగా తట్టుకుంటుంది. ఏ విమానంలోనైనా రెక్కల దగ్గర కుదుపు తక్కువ, తోక దగ్గర ఎక్కువ. విమానం లోపలి గాలి పీడనం సాధారణంగా 8,000 అడుగుల ఎత్తున ఉండే స్థాయికి దగ్గరగా ఉంటుంది. అంటే ఊటీ కన్నా కాస్త ఎత్తున కూర్చున్నట్లే. బోయింగ్ 787, ఎయిర్‌బస్ 350లలో దీనిని 6,000 అడుగుల స్థాయికి తగ్గించారు. అమెరికా వెళ్లే విద్యార్థులకు ఈ తేడా తెలుస్తుంది గానీ, మస్కట్ ప్రయాణికుడు దీనికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

ప్రమాదాలు చెప్పిన పాఠం

భద్రత విషయానికి వస్తే, 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. ఎనిమిదిమంది బయటపడ్డారు. విమానంలో లోపం లేదు. దిగే తీరు సరిగా లేదని, మళ్లీ పైకి లేపాలని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది. పదేళ్ల తరువాత, 2020 ఆగస్టు 7న, అదే సంస్థకు చెందిన అదే రకం విమానం దుబాయి నుంచి కోజికోడ్ చేరింది. జోరువానలో, వెనుకగాలిలో, రన్‌వే దాదాపు సగం గడిచాక నేలను తాకింది. పైలట్లిద్దరితో సహా 21 మంది ప్రాణాలు పోయాయి. రెండూ కొండపై చదును చేసి కట్టిన టేబుల్‌టాప్ రన్‌వేలే. శంషాబాద్ రన్‌వే అలాంటిది కాదు.

అలాగని విమానం రకానికి సంబంధమే లేదనడం కూడా సరికాదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది మరణించిన రెండు ప్రమాదాల్లోనూ కూలింది బోయింగ్ 737 మాక్స్. ఒకే ఒక్క సెన్సర్ ఇచ్చిన తప్పుడు సమాచారాన్ని నమ్మి కంప్యూటర్ వ్యవస్థ విమానం ముక్కును పదేపదే కిందికి వంచింది. ఇది తయారీలోనే దొర్లిన తప్పు. మనదేశంలో ఆ విమానాలను 2019 మార్చిలో నిలిపివేసి, మార్పులు చేశాక 2021 ఆగస్టులో అనుమతించారు. అహ్మదాబాద్ ప్రమాదానికి ముందు, 2011 నుంచి ప్రయాణికులతో తిరుగుతున్న 787 ఒక్కటి కూడా ప్రాణనష్టంతో కూలలేదు. పైకి లేచిన కొద్ది క్షణాల్లోనే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఆగిపోయే స్థితికి మారాయని 2025 జూలైలో వెలువడిన ప్రాథమిక నివేదిక పేర్కొంది.

కనుక 737 కన్నా 320, లేదా 320 కన్నా 777 ఎక్కువ భద్రమని టికెట్ మార్చుకోవడంలో అర్థం లేదు. పైగా చివరి నిమిషంలో సంస్థ మరో విమానం పెడితే అడిగే వీలూ ఉండదు.

సంచి కన్నా ప్రాణం ముందు

ప్రయాణికుడి చేతిలో ఉన్నది మరొకటి ఉంది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ బోయింగ్ 777 దుబాయి రన్‌వేపై కూలి మంటల్లో చిక్కింది. విమానంలోని 300 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. మంటలార్పుతూ ఒక అగ్నిమాపక ఉద్యోగి మరణించారు. ఆ సమయంలో కొందరు పైఅరల్లోని సంచులు దించుకుంటున్న దృశ్యాలను తరువాత ప్రపంచమంతా చూసింది. అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాపై ప్రేమ ఉండవచ్చు. కానీ సగం తలుపులు మాత్రమే తెరుచుకున్నా, నిండు విమానం 90 సెకన్లలో ఖాళీ కావాలన్నది తయారీదారులు పాటించవలసిన నిబంధన. ఆ లెక్కలో సంచులు దించే సమయం లేదు. 2024 జనవరి 2న టోక్యోలో మంటల్లో చిక్కిన ఎయిర్‌బస్ 350 నుంచి 379 మందీ బయటపడ్డారంటే సామాను వదిలి రావడం అందుకు ఒక ముఖ్య కారణం.

గల్ఫ్ కార్మికుడు సంచి వదలకపోవడానికి తరచూ అసలు కారణం అందులోని పాస్‌పోర్టు, అకామా. విమానం ఎక్కేముందే వాటిని చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటే ఆ చిక్కు ఉండదు. సిబ్బంది ఇంగ్లిష్, హిందీలలో చేసే ప్రకటన అర్థం కానివారు ముందు సీటు సంచిలోని కార్డు తీసి చూడవచ్చు. అందులో ఉండేవి దాదాపు అన్నీ బొమ్మలే. తమ సీటు నుంచి దగ్గరి అత్యవసర ద్వారం ఎన్ని వరుసల దూరంలో ఉందో ముందుకూ వెనక్కూ లెక్కపెట్టుకోవాలి. పొగ కమ్మితే వెలుతురు అందదు, వరుసలను చేత్తో తడిమి లెక్కించవలసి వస్తుంది.