పెన్‌డ్రైవ్ ఖాళీ కాలేదు, ఫైళ్లు దాక్కున్నాయి

మా బిడ్డ కాలేజీ అడ్మిషన్‌కు కులం దాఖలా, ఆదాయం దాఖలా, మార్కుల మెమో అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం. అందులోనే మా నాయిన ఫొటో కూడా ఉంది. షోలాపూర్ మిల్లు గేటు ముందు తీయించుకున్నది. కాగితం ఫొటో వానకు తడిసి ఎప్పుడో పాడైంది. మిగిలింది ఆ స్కాన్ ఒక్కటే.

ప్రింట్ కోసం ఒక జిరాక్స్ దుకాణంలో పెన్‌డ్రైవ్ ఇచ్చాం. ఆ తర్వాత తెరిస్తే ప్రతి ఫోల్డరు మీద చిన్న బాణం గుర్తు. ఎన్నిసార్లు నొక్కినా పని కాలేదు. "వైరస్ పట్టింది కాకా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు దుకాణం పిల్లగాడు. ఫారం గడువు రెండు రోజులే ఉంది. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

కంప్యూటర్ పని తెలిసిన మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. "ఫార్మాట్ వద్దు మామా, ఆ బాణాల మీద మళ్లీ నొక్కొద్దు. అట్లనే తీసుకురా" అన్నాడు.

సంగతి ఏంటంటే, ఈ షార్ట్‌కట్ వైరస్ సాధారణంగా మన ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది. వాటి పేర్లతోనే దొంగ గుర్తులు పెడుతుంది. పాత విండోస్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చితేనే వైరస్ నడిచేది. మైక్రోసాఫ్ట్ 2011లో ఒక అప్‌డేట్‌తో ఆ దారి మూసింది. అందుకే ఇప్పుడు మన చేతనే నొక్కించుకుంటుంది. నేను నొక్కిన ప్రతిసారీ దాన్ని నడిపింది నేనే!

మా అల్లుడు చేసిన పని ఇది:

ముందు పెన్‌డ్రైవ్ గుర్తు మీద కుడి బటన్ నొక్కి, విండోస్‌తో వచ్చే డిఫెండర్‌తో స్కాన్ పెట్టాడు. వైరస్ పోయింది, ఫైళ్లు మాత్రం కనబడలేదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఒక వరుస కొట్టాడు: అట్రిబ్ (ఎ-టి-టి-ఆర్-ఐ-బి), ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, ఇ, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్ డాట్ స్టార్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ డి. ఇక్కడ 'ఇ' అంటే మా పెన్‌డ్రైవ్ అక్షరం. మీది వేరే ఉంటే అదే కొట్టాలి.

పేరు లేని ఒక ఫోల్డరు బయటపడింది. దాంట్లో అన్నీ ఉన్నాయి. ఫొటోలు, కాగితాలు మాత్రమే కంప్యూటర్‌లోకి తీసుకున్నాడు. తెలియని ఫైళ్లు ముట్టలేదు. ఫార్మాట్ కొట్టింది ఆఖరున.

వైరస్ ఉన్న కంప్యూటర్‌లో మళ్లీ గుచ్చితే మళ్లీ అంటుకుంటుంది. నేను బాణాల మీద నొక్కిన కంప్యూటర్‌కూ పూర్తి స్కాన్ చేయించాం. ఇప్పుడు ప్రింట్ కావాలంటే ఆ ఒక్క ఫైలే మెయిల్‌లో పంపుతున్నాం. ముఖ్యమైన కాగితాలకు ఇంకో కాపీ వేరే చోట ఉంచాం.

ఫారం గడువు లోపలే వెళ్లింది. నాయిన ఫొటో రెండు ప్రింట్లు తీయించి, ఒకటి గోడకు కట్టాను, ఒకటి అక్కకిచ్చాను. మీ పెన్‌డ్రైవ్‌కు ఇట్లా అయితే కంగారుపడి ఫార్మాట్ అనకండి. ముందు తెలిసినవాళ్లకు చూపించండి.