జుకినీ పిందె రాలితే మందు డబ్బా వెతకొద్దు

సొర, బీర, దోస పెంచి చేయి తిరిగినవాళ్లకు జుకినీ కష్టమైన మొక్కలా కనిపించదు. అదీ ఆ కుటుంబంలోదే. విత్తనం వారం పది రోజుల్లో మొలుస్తుంది, నెల తిరిగేసరికి చాటంత ఆకులు పరుస్తుంది, ఆపైన పసుప్పచ్చని పెద్ద పూలు. చిక్కు అక్కడే మొదలవుతుంది. వేలెడు పిందె కొన పసుపెక్కి, మెత్తబడి, కుళ్లి రాలిపోతుంది. దీనికి మిద్దె తోటల వాళ్లు చెప్పుకునే కారణాలు మూడు: కాల్షియం లోపం, తెగులు, ఎరువు చాలకపోవడం. మూడూ లేని సమస్యలేం కావు. కానీ మొదటిసారి ఒకటి రెండు మొక్కలు వేసినవాళ్ల కుండీలో పిందె రాలిందంటే, చాలాసార్లు కారణం ఈ మూడింటిలో ఏదీ కాదు. ఆ పూట ఆడపూవుకు పుప్పొడి అందలేదు, అంతే.

ఈ అపోహకు మూలం ఆడపూవు రూపంలోనే ఉంది. జుకినీలో ఒకే మొక్క మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. మగపూవుకు సన్నని కాడ ఉంటుంది. ఆడపూవు కింద మాత్రం పూవు విచ్చకముందే బుల్లి కాయ ఆకారం కనిపిస్తుంది. దాన్ని చూసి కాయ కాసేసిందనుకుంటాం. నిజానికి అది ఇంకా అండాశయమే. పుప్పొడి పడితే కాయవుతుంది, పడకపోతే మొక్కే దాన్ని వదిలించుకుంటుంది. అంటే మనం రోగమనుకునేది మొక్క మామూలుగా చేసుకునే పని. ఇక ఆ పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగ మోసుకురావాల్సిందే. ఒకటి రెండు రేణువులు చాలవు కూడా. అరకొరగా అందితే కాయ ఒక చివర లావుగా, మరో చివర సన్నగా వంకర తిరుగుతుంది. అలాంటి కాయ చేతికొస్తే అదే సాక్ష్యం.

'బీరకూ సొరకూ ఎవరు పుప్పొడి అద్దారు? అవి కాయడం లేదా?' అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు వేళల్లో ఉంది. సొర, బీర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, చీకట్లో తిరిగే చిమ్మటలు వాటి పని చూస్తాయి. జుకినీ పూవు తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది, మళ్లీ విచ్చుకోదు. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం నీళ్లు పోసేవాళ్లకు అది విచ్చుకున్న పూవుగా కనబడనే కనబడదు. చుట్టూ పూల మొక్కలు లేని మేడ మీదికి ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలు వస్తాయన్న భరోసా లేదు. జుకినీ పూర్వీకులు పుట్టిన అమెరికా ఖండాల్లో ఈ జాతి పూల మీదే బతికే స్థానిక తేనెటీగలు ఉన్నాయి, అవి సూర్యోదయానికి ముందే పనిలో దిగుతాయి. మన దగ్గర అవి లేవు. పైగా ఒకే మొక్క ఉంటే మగపూవు, ఆడపూవు ఒకే రోజు విచ్చుకోవాలన్న నియమమేం లేదు. మొదటి వారమంతా మగపూలే పూయడం మామూలే. వందల మొక్కలున్న పొలంలో ఈ తేడా సర్దుకుపోతుంది. రెండు కుండీల్లో సర్దుకోదు. స్థలముంటే మూడు మొక్కలు వేయమనడం అందుకే.

కాల్షియం వాదాన్ని కొట్టిపారేయలేం. కొన కుళ్లు జుకినీకీ వస్తుంది. కానీ అది పెరుగుతున్న కాయ కొనన నల్లగా, లోపలికి నొక్కుకుపోయిన మచ్చగా మొదలవుతుంది. అక్కడా చాలాసార్లు తప్పు మట్టిది కాదు. ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచెత్తే నీటి పద్ధతిది. కుండీలో వేసిన గుడ్డు పెంకులు కరిగి వేళ్లకు అందడానికి నెలలు పడుతుంది, ఈలోపు పంటే అయిపోతుంది. పూవు వాడిన మూడు నాలుగు రోజుల్లో, వేలెడు దాటి ఎదగకుండానే పసుపెక్కిన పిందెది వేరే కథ. అనుమానం తీర్చుకోవడం తేలిక. పొద్దున్నే ఆరు ఏడు గంటల మధ్య అప్పుడే విచ్చిన మగపూవును తుంచి, రెక్కలు ఒలిచి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపూవు నడిమి భాగానికి నెమ్మదిగా అద్దండి. మరో ఆడపూవును అలాగే వదిలేయండి. అద్దినది నిలిచి, వదిలింది రాలితే ఇక ఎరువు మీద చర్చ అనవసరం.

ఎరువు పెంచితే మేలు జరగకపోగా కీడే జరగొచ్చు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత వెనకబడుతుంది. ఎండలు, పొడవాటి పగళ్లు మగపూలను పెంచి ఆడపూలను తగ్గిస్తాయి కాబట్టి, తెలుగు నేలల్లో అక్టోబరు, నవంబరుల్లో విత్తడానికీ ఉగాదికి విత్తడానికీ చాలా తేడా ఉంటుంది. బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు మంచు భయం పోయాక, మే చివర్లోనో జూన్‌లోనో నాటుతారు. అక్కడ ముసురు పట్టి తేనెటీగలు కదలని రోజుల్లో ఇదే పిందె ఇలాగే రాలుతుంది. ఎండకూ ఎరువుకూ సంబంధం లేకుండా రాలుతుందన్నది గమనించాలి. తెగులనుకుని పొద్దున్నే పురుగుమందు కొట్టడం అన్నిటికన్నా చేటు, రావాల్సిన తేనెటీగే చస్తుంది. వేపనూనె అయినా సాయంత్రమే చల్లాలి. ఆకుల మీది వెండి మచ్చలు చూసి బూడిద తెగులని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఆకు ఈనెల వెంట ఒక తీరుగా ఉండి, వేలితో తుడిస్తే పోకపోతే అవి ఆ రకానికి సహజమైన మచ్చలు.

విచిత్రమేమంటే, అవసరమైన చోట పుప్పొడిని పట్టించుకోని మనం సంబంధం లేని చోట దాన్నే దోషిని చేస్తాం. కాకర పక్కన వేస్తే జుకినీ చేదెక్కుతుందని ఒక నమ్మకం. కాకర, దోస, సొర, బీర వేరే జాతులు, వాటితో జుకినీ కలవదు. కలిసే దగ్గరి రకాల పుప్పొడి పడినా ఈ కాయ రుచి మారదు, కండ తల్లి మొక్కదే. మార్పు లోపలి గింజలో ఉంటుంది. ప్రమాదం ఆ గింజను దాచి మరుసటి ఏడు విత్తినప్పుడు వస్తుంది. అలంకారానికి పెంచే చేదు రకాలతో కలిసిన విత్తనమైతే కాయలో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు పేరుకోవచ్చు, వండినా అవి పోవు. 2015లో జర్మనీలో పెరట్లో పండిన చేదు జుకినీ కూర తిన్న తర్వాత ఒక వృద్ధుడు చనిపోయాడు. కాబట్టి విత్తనం ఏటా కొత్తది కొనడం మంచిది. ముక్క చేదనిపిస్తే ఉమ్మేసి కాయ పారేయాలి, చింతపండుతో చేదును కప్పిపుచ్చే ప్రయత్నం వద్దు.

పుప్పొడి లేకుండానే కాసే పార్థినాన్ లాంటి రకాలున్నాయి, దొరికితే ఈ బాధ సగం తీరుతుంది. పందిరి ఆలోచన మానుకోవచ్చు, జుకినీ చాలా రకాల్లో పాకదు, గుబురుగా మీటరు దాకా విస్తరిస్తుంది. దానికి కావలసింది వెడల్పాటి, లోతైన తొట్టి. కాయ జానెడు లోపే, పదిహేను ఇరవై సెంటీమీటర్లకే కోయాలి. సొరకాయంత కానిద్దామని వదిలేస్తే గింజ ముదురుతుంది, మొక్క బలమంతా దానికే పోయి కొత్త ఆడపూలు తగ్గుతాయి. మిగిలిపోయిన మగపూలు శనగపిండిలో ముంచి వేయిస్తే బజ్జీలు బాగుంటాయి. కాకపోతే రోజూ పొద్దున్న ఒకటి రెండు మొక్క మీదే ఉంచుకోవాలి.