బ్రేక్ ఫ్లూయిడ్: ట్రాక్ డేకి వెళ్తున్నారా? డబ్బా మీద రెండో నంబర్ చూడకుండా కొనకండి

గ్రేటర్ నోయిడాలో ఉన్న బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తెలుసు కదా. 2011లో మన దేశంలో తొలి ఫార్ములా వన్ రేస్ జరిగిన ట్రాక్. అందులో కిలోమీటరుకి పైగా సాగే స్ట్రెయిట్ ఒకటి ఉంది. దాని చివర కుడివైపు గట్టి మలుపు. స్ట్రెయిట్‌లో ఫుల్ స్పీడ్‌లో వచ్చి, మలుపు ముందు బ్రేక్ నొక్కారు. అప్పటిదాకా గట్టిగా ఉన్న పెడల్ మెత్తగా అయిపోయి నేలకి తగిలింది. బండి మాత్రం ఆగట్లేదు!

ఇలా జరిగితే చాలామంది బ్రేక్ ప్యాడ్స్‌ని తిడతారు. కానీ చాలాసార్లు అసలు దొంగ వేరే ఉంటుంది. అదే మన మెకానిక్ షాపుల్లో అందరూ 'బ్రేక్ ఆయిల్' అని పిలిచే బ్రేక్ ఫ్లూయిడ్.

ముందే ఒక మాట. పేరుకి ఆయిల్ అంటున్నాం గానీ ఇది ఆయిల్ కాదు. మామూలు కార్లు, బైకుల్లో వాడేది గ్లైకాల్ ఈథర్ రకం ద్రవం. పొరపాటున ఇందులో ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలున్న రబ్బర్ సీల్స్ ఉబ్బిపోయి బ్రేకులే పాడవుతాయి.

పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?

1200 కిలోల కారు గంటకి 160 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గిందనుకుందాం. ఆ ఒక్క బ్రేకింగ్‌లో పుట్టే వేడితో దాదాపు మూడు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. కొన్ని సెకన్లలోనే! ఇలా ల్యాప్‌కి నాలుగైదు సార్లు, పదిహేను నిమిషాల పాటు కొట్టారనుకోండి. డిస్క్, ప్యాడ్ దాటి ఆ వేడి క్యాలిపర్ పిస్టన్ వెనకున్న ఫ్లూయిడ్‌కి చేరుతుంది.

ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు. అందుకే మీ కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. కానీ ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది. అంటే మీ కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా రాదు.

ప్యాడ్ ఫెయిల్ అయిందా, ఫ్లూయిడ్ మరిగిందా అని తేడా తెలుసుకోవడం కూడా ఈజీనే. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదంటే ప్యాడ్ వేడెక్కి పట్టు కోల్పోయినట్టు. పెడల్ స్పాంజ్‌లా లోపలికి పోతుంటే ఫ్లూయిడ్ మరిగినట్టు. మొదటిదానికి ఎంత ఖరీదైన ఫ్లూయిడ్ పోసినా లాభం లేదు, ప్యాడ్స్ మార్చాల్సిందే.

డ్రై, వెట్.. ఏంటీ రెండు నంబర్లు?

అసలు విషయం ఇక్కడే ఉంది. గ్లైకాల్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. రబ్బర్ హోస్‌ల గుండా, రిజర్వాయర్ మూత దగ్గర నుంచి నెమ్మదిగా నీరు లోపలికి చేరుతూనే ఉంటుంది. నీరు పెరిగే కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. అందుకే ప్రతి ఫ్లూయిడ్‌కీ రెండు లెక్కలుంటాయి. కొత్త డబ్బా తెరిచినప్పటిది డ్రై బాయిలింగ్ పాయింట్. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఉండేది వెట్ బాయిలింగ్ పాయింట్.

డాట్ ప్రమాణాల ప్రకారం కనీసం ఇంత ఉండాలి: డాట్ 3కి డ్రై 205 డిగ్రీల సెల్సియస్, వెట్ 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. తేడా గమనించారా? పాతబడిన డాట్ 4 కొత్త డాట్ 3 కంటే 50 డిగ్రీలు ముందే మరిగిపోవచ్చు. మరి 'నా బండిలో డాట్ 4 ఉంది, టెన్షన్ లేదు' అనుకుంటే ఎలా? ఎప్పుడు పోశారన్నది కూడా చూడాలి కదా.

ఇక రేసింగ్ ఫ్లూయిడ్స్. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటివాటికి డ్రై 300 డిగ్రీలు దాటుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఈ నంబరే. కానీ వెట్ లెక్కకి వచ్చేసరికి 200 చుట్టుపక్కలే. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మాత్రం వెట్ కూడా 270 డిగ్రీలు. ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

మరి ఏది కొనాలి?

ప్రతి ఈవెంట్‌కీ ముందు కొత్త ఫ్లూయిడ్ వేయించే అలవాటుంటే డ్రై నంబర్ ఎక్కువున్నది సరిపోతుంది. ప్రొఫెషనల్ టీమ్స్ చేసేది అదే. కానీ మనలో ఎక్కువమంది పరిస్థితి వేరు. రోజూ ఆఫీసుకి తిరిగే బండినే ఏడాదికి రెండుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో తీసుకెళ్తారు. మధ్యలో ఒక వానాకాలం కూడా గడిచిపోతుంది. వైజాగ్, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో గాలిలో తేమ గురించి చెప్పక్కర్లేదు. ఇలాంటి వాళ్లు చూడాల్సింది వెట్ నంబర్.

నా సలహా సింపుల్. మొదటిసారి ట్రాక్‌కి వెళ్తూ మామూలు స్పీడ్‌లో నేర్చుకునేవాళ్లకి, వెళ్లే వారం ముందు మంచి డాట్ 4 గానీ, 5.1 గానీ ఫ్రెష్‌గా వేయిస్తే చాలావరకు సరిపోతుంది. పోటీగా కొట్టే స్థాయికి వచ్చాక, లేదా బండి బరువు, పవర్ ఎక్కువైతే రేసింగ్ ఫ్లూయిడ్‌కి వెళ్లండి. రెండేళ్ల నాటి ఖరీదైన ఫ్లూయిడ్ కంటే నిన్న వేసిన మామూలు ఫ్లూయిడ్‌నే నేను నమ్ముతాను. ఏది కొన్నా ముందు మీ బండి మాన్యువల్‌లో, రిజర్వాయర్ మూత మీద ఏం రాశారో చూడండి.

డాట్ 5తో జాగ్రత్త!

పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ జనాన్ని బాగానే కన్ఫ్యూజ్ చేశారు. డాట్ 5, డాట్ 5.1 ఒకటి కాదు. డాట్ 5.1 గ్లైకాల్ రకం, డాట్ 4తో కలిసిపోతుంది. డాట్ 5 సిలికాన్ రకం. పాత హార్లే-డేవిడ్‌సన్ బైకుల్లో ఇదే ఉండేది. నీటిని పీల్చుకోదు, పెయింట్‌ని పాడుచేయదు, వినడానికి బాగుంది. కానీ కొంచెం కుదించుకుంటుంది, ఏబీఎస్ ఉన్న బండ్లకి పనికిరాదు, గ్లైకాల్‌తో అసలు కలపకూడదు. 5 అంటే 4 కంటే పెద్దది కదా అని తెచ్చి పోశారంటే అంతే సంగతులు.

పోయించేటప్పుడు ఇవి చూసుకోండి

రిజర్వాయర్‌లో పైపైన తీసి కొత్తది నింపితే మార్చినట్టు కాదు. వేడెక్కేది క్యాలిపర్‌లో ఉన్న ఫ్లూయిడ్. నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ తెరిచి, పాతదంతా పోయి కొత్తది వచ్చేదాకా తీయాలి. కారుకి సుమారు లీటరు తెచ్చుకోండి, బైకుకి చాలా తక్కువే పడుతుంది. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి దూరుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పెన్నులా ఉండే టెస్టర్ పెట్టి 'బాగానే ఉంది సార్' అంటే అక్కడితో ఆగకండి. అది చూసేది రిజర్వాయర్‌లో ఉన్నదాన్నే.

సీల్ ఉన్న డబ్బానే కొనండి. షాపులో సగం వాడి పక్కన పెట్టిన డబ్బా వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. ఆ మూత తీసినప్పటి నుంచీ అది తేమ పీలుస్తూనే ఉంటుంది. గ్లైకాల్ ఫ్లూయిడ్ బైక్ ట్యాంక్ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడిగేయండి, పెయింట్ లేచిపోతుంది.

ట్రాక్ మీద పెడల్ మెత్తబడితే వెంటనే పదేపదే పంప్ చేయండి, గేర్లు తగ్గించండి. ప్రెషర్ కొంత తిరిగొస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా పిట్‌లోకి వచ్చేయండి. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. మరిగిన ఫ్లూయిడ్ మరిగినదే. మార్చకుండా మళ్లీ ట్రాక్ ఎక్కితే అదే వేడికి అదే పని చేస్తుంది.

సెషన్ అయిపోగానే నేరుగా వచ్చి ఆపేయకండి. బ్రేక్ ఎక్కువగా వాడకుండా ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగండి. ఆపిన బండిలో గాలి తగలదు కాబట్టి డిస్క్ వేడంతా క్యాలిపర్‌లోకి ఎక్కి, పిట్‌లో నిలబడి ఉన్నప్పుడే ఫ్లూయిడ్ మరిగే ఛాన్స్ ఉంది. హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లో ఉంచండి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు పెడల్ ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. చెన్నై నుంచి హైదరాబాద్‌కి 600 కిలోమీటర్లకి పైనే ఉంది. ఏమాత్రం స్పాంజ్‌లా అనిపించినా అక్కడే ఫ్లూయిడ్ మార్పించుకుని కదలండి.